తెర మీది చిన్న ఇటలీ కారును గుర్తుపట్టడం ఎలా

తెర మీద గుండ్రటి బుల్లి కారు ఒకటి కనబడగానే మనలో చాలామంది "ఫియట్" అని తేల్చేస్తారు. మన పెద్దల నోట ఆ మాటకు అర్థం వేరు. వాళ్లు చెప్పే ఫియట్ బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన 1100. అదే తరువాత పద్మిని అయింది. దానికి నాలుగు తలుపులు, ఇంజను ముందు. ఇటలీ చిత్రాల్లో రోము సందుల గుండా దూరిపోయే ఫియట్ 500 దానికంటే దాదాపు ఒక మీటరు పొట్టిది. దానికి ఉన్నవి రెండే తలుపులు, ఇంజను వెనుక. ఈ 500ను, దాని చుట్టాలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి చూడటం అలవాటైతే చిత్రం ఏ కాలానిదో, నిర్మాతలు ఎంత జాగ్రత్త తీసుకున్నారో కూడా తెలిసిపోతుంది.

మొదట చూడవలసింది చిత్రం విడుదలైన సంవత్సరం. ఫియట్ ఇంజనీరు దాంతె జకోసా రూపొందించిన కొత్త 500 టురిన్‌లో 1957 జూలై 4న బయటికి వచ్చింది. కాబట్టి అంతకుముందు తీసిన చిత్రంలో ఎవరైనా "ఫియట్ 500" అంటే అది తోపొలీనో అన్నమాట. ఇటలీ భాషలో ఆ పేరుకు చిట్టెలుక అని అర్థం. అక్కడ మికీ మౌస్‌కూ అదే పేరు. 1936 నుంచి 1955 వరకు తయారైన ఈ కారుకు ఇంజను ముందు ఉంటుంది, అందుకే మూతి పొడుగు. 1953 నాటి రోమన్ హాలిడేలో ఫోటోగ్రాఫరు నడిపే కారు ఇదే. తోపొలీనోలలో మళ్లీ తేడా చూడాలనుకుంటే దీపాలను చూడండి: పాతవాటిలో అవి మూతికి ఇరువైపులా విడిగా నిలబడి ఉంటాయి, 1949 తరువాతివాటిలో మడ్‌గార్డుల్లో ఇమిడిపోతాయి.

1957 తరువాతి చిత్రాలకు వచ్చేసరికి అసలు కిటుకు తలుపులో ఉంది. కారు పరుగెడుతున్నప్పుడు వివరాలు చిక్కవు. ఎవరో దిగే చోట, లేదా కారు ఆగి ఉన్న చోట దృశ్యాన్ని పాజ్ చేసి తలుపు పిడి ఎక్కడుందో చూడాలి. పిడి తలుపు ముందు అంచున, అద్దం వైపు ఉంటే కీళ్లు వెనుక ఉన్నట్టు. అది 1965కు ముందరి బండి. పిడి వెనుక అంచున ఉంటే 1965లో మొదలైన ఎఫ్ రకం గాని, ఆ తరువాతివి గాని. ఈ మార్పు అలంకారం కోసం జరగలేదు. కీళ్లు వెనుక ఉన్న తలుపు నడుస్తుండగా తెరుచుకుంటే ఎదురుగాలి దాన్ని పట్టి విసురుగా వెనక్కి లాగేస్తుంది. కథ 1960లో జరుగుతున్నట్టు చూపించి, తెర మీద పిడి వెనుక ఉన్న బండిని నడిపించే చిత్రాలు తక్కువేమీ కావు. సులువుగా దొరికేవి తరువాతి బండ్లే కాబట్టి ఆ పొరపాటును నేను పెద్దగా తప్పుపట్టను. అయితే ఒక మెలిక ఉంది: జార్దినియేరా అనే పొడుగు వెనుకభాగం గల 500కు కీళ్లు చివరిదాకా వెనుకే ఉండిపోయాయి. వెనుక కిటికీ పొడుగ్గా కనిపిస్తే తలుపు సూత్రాన్ని పక్కన పెట్టండి.

లోపలి దృశ్యం దొరికితే ఇంకా మంచిది. డ్రైవరు ముందు ఒకే ఒక గుండ్రటి మీటరు, చుట్టూ కారు రంగే పూసిన రేకు కనిపిస్తే అది మామూలు 500. నల్లటి డాష్‌బోర్డులో పలకగా సాగిన మీటరు ఉంటే అది 1968లో వచ్చిన ఎల్ రకం. బంపర్ల మీద అదనంగా గొట్టపు కమ్మీలు ఉండటం కూడా ఎల్ గుర్తే.

చెవిని మాత్రం నమ్మకూడదు. రెండు సిలిండర్ల, గాలితో చల్లబడే ఆ ఇంజను టుకుటుకు నిజంగా మరపురానిదే, కాని చిత్రాల్లో ధ్వనిని చాలాసార్లు తరువాత కలుపుతారు. పైగా ఆటోబియాంకి సంస్థ చేసిన బియాంకీనా అనే కారులో ఉన్నదీ 500 ఇంజనే. 1975 నాటి ఫంతోజ్జి చిత్రంలో పావొలో విల్లాజ్జో పోషించిన గుమాస్తాది ఆ తెల్ల బియాంకీనాయే. ఒళ్లు గుండ్రంగా కాక అంచులు తేరి, వెనుక చిన్న రెక్కల్లాంటి కొసలతో ఉంటుంది కనుక చూపుతో పట్టవచ్చు. 1955లో వచ్చిన 600ను 500 అనుకోవడం ఇంకా సామాన్యమైన పొరపాటు: అది కొంచెం పొడుగు, పక్క కిటికీలు పెద్దవి, పైకప్పు మామూలుగా రేకుది, 500కు తెరుచుకునే గుడ్డ కప్పు ఉంటుంది. చిత్రం స్పెయిన్‌దైతే ఆ 600 మీద ఫియట్ పేరు వెతకకండి, అక్కడ దాన్ని సియట్ సంస్థ తయారుచేసింది.

నంబరు పలక కూడా సాక్ష్యమే. 1985కు ముందు ఇటలీలో వెనుక పలకలు నల్లవి, అక్షరాలు లేత రంగువి. మిలానుకు ఎంఐ, టురిన్‌కు టీఓ అని రెండక్షరాలు రాస్తే, రోముకు మాత్రం పేరు మొత్తం రాసేవారు.

యానిమేషన్‌లో ఈ గుర్తులు కొన్ని పనిచేయవు. 2006 నాటి కార్స్ చిత్రంలో టైర్ల దుకాణం నడిపే లుయీజీ 1959 నాటి ఫియట్ 500, కాని ఆ లోకంలో కార్లే మనుషులు కనుక తలుపులు తెరిచి దిగేవారు ఉండరు. అక్కడ పలకను చూడండి: 445-108 అనే అంకెలు ఫెరారీ కర్మాగారం ఉన్న మరనెల్లో అక్షాంశ రేఖాంశాలు. జపాను దర్శకుడు మియాజాకి లుపిన్ అనే దొంగ పాత్రతో 1979లో తీసిన చిత్రం కాలియోస్త్రో కోట దీనికి భిన్నం. లుపిన్ చేతికి 500 రావడానికి కారణం యానిమేటర్ యసువో ఓత్సుకా సొంత కారు అదే కావడం. రోజూ చూసే బండిని గీశారు కనుకనే టైరు పంక్చరై దారి పక్కన ఆగిపోయిన ఆ బండి ఏ వైపు నుంచి చూసినా నిజమైన బండిలాగే ఉంటుంది. కాసేపటికే అది కొండ గట్టు ఎక్కేస్తుంది, అది వేరే సంగతి.

టెలివిజన్ ప్రకటనల్లో మొదట తేల్చుకోవలసింది అది పాత 500యా, 2007లో అదే జూలై 4న వచ్చిన కొత్తదా అన్నది. వెనుక వైపు చూడండి: పాతదానికి ఇంజను మూత మీద గాలి చీలికలు ఉంటాయి, కొత్తదానికి అద్దంతో సహా పైకి లేచే తలుపు ఉంటుంది. 2015లో అమెరికా ఫుట్‌బాల్ పోటీ సూపర్ బౌల్ సమయంలో వచ్చిన ప్రకటనలో ఒక నీలి మాత్ర ఇటలీ ఊరి పైకప్పుల మీద దొర్లుతూ వచ్చి ఒక 500 పెట్రోలు ట్యాంకులో పడుతుంది, కారు ఉబ్బి 500ఎక్స్ అవుతుంది. వీధి ఎంత పాతదిగా కనిపించినా అక్కడ ఆగి ఉన్నది కొత్త 500యే.