పింగుల గోల తగ్గించుకోవడం ఎలా (ఉద్యోగం మానేయకుండానే)

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో ఓ ఆంధ్రా మెస్‌లో గోంగూర పప్పు కలుపుకుంటుంటే జేబులో ఫోన్ వైబ్రేట్ అయింది, ఎడమ చేత్తో తడుముకుంటే జేబు ఖాళీ, ఫోనేమో ఎదురుగా టేబుల్ మీద ఉంది. లేని ఫోన్ మోగుతోందంటే ఇక లాభం లేదనిపించి అప్పట్నించి చేసినవి ఇక్కడ రాస్తున్నా. మీరూ ఔటర్ రింగ్ రోడ్ ఐటీ బ్యాచే అయితే పనికొస్తాయి.

ముందు సెట్టింగ్స్ జోలికి పోకండి. ఒక్కరోజు కాగితం పక్కన పెట్టుకుని పింగ్ (చాట్ గానీ మెయిల్ గానీ) వచ్చినప్పుడల్లా గీత గీయండి, నాతో నిజంగా పనుండి వచ్చినవి ఓ వైపు, ఊరికే తెలియాలని పంపినవి ఇంకో వైపు. నాకైతే రెండోవైపే నిండిపోయింది, అందులో సగం 'నోటెడ్', 'థాంక్స్ ఆల్' బాపతే. ఒక్క 'థాంక్స్'కి ఏం పోతుందిలే అనుకోకండి. గ్లోరియా మార్క్ అని కాలిఫోర్నియాలో ప్రొఫెసర్, ఆఫీసుల్లో జనం పక్కనే కూర్చుని గమనించి చెప్పిందేంటంటే మధ్యలో ఆగిన పనికి మళ్ళీ తిరిగి రావడానికి సగటున 23 నిమిషాలు పడుతుందట, ఈ లోపు ఇంకో రెండు పనుల్లో పడిపోతాం కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతి. తప్పు ఫోన్‌ది కాదు, నాది. మూడేళ్ళుగా ఎవరు పింగ్ చేసినా అర నిమిషంలో రిప్లై ఇచ్చా, దాంతో అందరికీ నేనో కస్టమర్ కేర్ అయిపోయా. అలవాటు చేసింది మనమే కాబట్టి మాన్పించాల్సిందీ మనమే. మేనేజర్ దగ్గరకెళ్ళి 'స్ట్రెస్‌గా ఉందండీ' అంటే 'యోగా చెయ్' అంటాడు, అందుకని అలా కాకుండా రూల్ లాగా అడగండి: "అర్జెంట్ అయితే ఫోన్ చెయ్యండి, చాట్ అయితే రెండు గంటల్లో చూస్తా, మెయిల్ అయితే సాయంత్రంలోపు." ఇదే ముక్క టీమ్ గ్రూప్‌లో పెట్టి పిన్ చెయ్యండి. ఫోన్ చెయ్యడానికి జనానికి బద్ధకం, ఈ బద్ధకమే మనకి వరం, సగం అర్జెంట్లు అక్కడే చచ్చిపోతాయి.

అమెరికా క్లయింట్ ఉంటే మాత్రం టైమ్ కూడా రాయించుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 7:30. దాన్నుంచి ఓ రెండు గంటలు ఇద్దరికీ కామన్ అనుకుని, ఆ మేరకు పొద్దున లేటుగా లాగిన్ అవుతానని ముందే ఒప్పించాలి, లేదంటే పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా మీదే డ్యూటీ. ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఆఫీస్ టైమ్ అయ్యాక డిస్కనెక్ట్ అయ్యే హక్కు చట్టంలోనే ఉంది. మన దగ్గర 2018లో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇలాంటిదే ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు, కాబట్టి మనం టీమ్‌లో మాట్లాడుకున్నదే చట్టం.

ఇది సెట్ అయ్యాక సెట్టింగ్స్ పది నిమిషాల పని. మెయిల్‌లో మీ పేరు సీసీలో మాత్రమే ఉంటే వేరే ఫోల్డర్‌కి పోయేలా రూల్ పెట్టండి, రోజుకి ఒక్కసారి చూస్తే చాలు. ఆఫీస్ వాట్సాప్ గ్రూపులన్నీ 'ఆల్వేస్' మ్యూట్. రాత్రికి డు నాట్ డిస్టర్బ్ పెట్టి అమ్మానాన్నల నంబర్లు మాత్రం మోగేలా ఉంచండి. ఆండ్రాయిడ్‌లో రిపీట్ కాలర్స్ అని ఉంటుంది, ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగుతుంది, అది ఆన్‌లో ఉంటే మీకూ భయం ఉండదు. ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్ళైతే ఆ అలర్ట్ యాప్ ఒక్కటి వదిలేసి మిగతావి ఆపండి, ఎవరి వారం ఎవరిదో రోస్టర్ వేస్కోండి, అందరూ మేలుకుని ఉండక్కర్లేదు కదా.

కళ్ళకి 20-20-20 తెలిసిందేగా, 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదో 20 సెకన్లు చూడటం. కిటికీ పక్క సీటు దొరికితే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ చూసుకోవచ్చు.

ఇన్ని చేసినా నిద్ర పట్టకపోతే, ఫోన్ పక్కన లేకపోతే గుండె దడ అనిపిస్తుంటే సిగ్గుపడకండి. మన ఊళ్ళోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో 2014 నుంచి ఫోన్, ఇంటర్నెట్ వాడకం సమస్యలకోసమే షట్ క్లినిక్ అని నడుస్తోంది. అంతదాకా ఎందుకనుకుంటే టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొదటి వారం మాత్రం గట్టిగా ఉండాలి. 'ఏంటి బాబూ, ఆన్‌లైన్‌లో కనపడట్లేదు' అని మా లీడ్ రెండుసార్లు అడిగాడు, పిన్ చేసిన మెసేజ్ చూపించి ఊరుకున్నా. రెండో వారం రాత్రి 8 తర్వాత నాకొచ్చిన అర్జెంట్ ఫోన్లు మొత్తం రెండు. ఒకటి సర్వర్ డౌన్ అని, రెండోది పర్సనల్ లోన్ కావాలా అని.