ఎండల్లో నల్గొండ, పాలమూరు: ఏ పూట ఎక్కడికి పోవాలి

బడులకు సెలవులిచ్చారు, పిల్లలు ఫోన్ వదలట్లేదు, ఊటీకి పోయేంత బడ్జెట్ లేదు. అట్లయితే మన చుట్టుపక్కలే తిరగండి. ప్లాన్ మాత్రం ఎండను చూసి వేసుకోండి. పొద్దున తొమ్మిది లోపు గుట్టలు, కోటలు, నడిమధ్యాహ్నం మ్యూజియంలు, పొద్దుగూకినాక ఎగ్జిబిషన్లు. ఈ వరస తప్పితే వడదెబ్బే. భువనగిరి కోట పదింటికి ఎక్కుదామనుకునేవాళ్లున్నారు, అదంతా ఒకటే బండ, నీడ అన్నది దొరకదు, మేలో పెనం మీద నడిచినట్టే. నల్లమలలోని మల్లెలతీర్థం జలపాతం కూడా ఇప్పుడు వద్దు, నీళ్లే ఉండవు, వానలు పడ్డాక దసరా సెలవులకు పెట్టుకోండి.

నల్గొండ వైపు ఉంటే మొదట పానగల్లు. టౌను పక్కనే, ఆటోలో పోవచ్చు. అక్కడ రెండు గుడులున్నాయి. పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియం ఉంది, గుడి గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కారు, పిల్లలకు ఎవరు ఎవరో కనిపెట్టమని చెప్పి మీరు కాసేపు నీడన కూర్చోవచ్చు. అసలు చూడాల్సింది ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకటే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా స్తంభం నీడ పడుతుంది, పొద్దున పోయినా సాయంత్రం పోయినా అక్కడే ఉంటుంది. సూర్యుడు జరుగుతుంటే నీడ జరగదేంటి? జవాబు వెంటనే చెప్పేయకండి. ముందు ఏ స్తంభం నీడో వెతకమనండి, దాని ముందు నిలబడి చూడమనండి, వాళ్ల నీడ లోపల పడుతుందేమో గమనించమనండి. తర్వాత చెప్పండి, వెలుతురు నేరుగా ఒకవైపు నుంచి కాకుండా స్తంభాల సందుల్లోంచి పక్కల నుంచి లోపలికి వస్తుంది, ఆ రెండు వెలుగుల మధ్య మిగిలిన చీకటి గీతే మనకు నీడలా కనిపిస్తుంది. ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలపు గుడి ఇది, అప్పట్లో ఇంత లెక్క ఎట్లా వేశారో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాగార్జునసాగర్ ఒక్కరోజులో అయిపోతుంది, కానీ శుక్రవారం పోకండి, నాగార్జునకొండ మ్యూజియంకు ఆరోజు సెలవు. ఆ మ్యూజియం జలాశయం మధ్య దీవిలో ఉంది, లాంచీలోనే పోవాలి, టైమింగులు ముందే కనుక్కోండి, జనం లేకపోతే కదిలించరు. ఎండ తగ్గాక బుద్ధవనం, బుద్ధుడి జీవితం మీద కట్టిన పార్కు. 274 ఎకరాల్లో కట్టి 2022లో తెరిచారు, నడక చాలా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లుంటే నాలుగు తర్వాతే దిగండి.

ఇక పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు. పిల్లలమర్రి మూడెకరాలకు పైగా అల్లుకున్న మర్రిచెట్టు. చెదలు పట్టి కొమ్మలు విరిగి పడుతుంటే 2018లో సెలైన్ సీసాల్లో మందు పోసి చుక్క చుక్కగా చెట్టుకు ఎక్కించారు, పిల్లలకు ఈ ముచ్చట చెప్పండి, చెట్టును చూసే తీరే మారిపోతుంది. ఊడల మీద వేలాడాలని పోతే మాత్రం నిరాశే, దూరం నుంచి చూడటమే. పక్కన మ్యూజియం ఉంది, మధ్యాహ్నం అక్కడ గడిపేయొచ్చు.

ఎండాకాలంలో మాత్రమే దొరికేవి రెండున్నాయి, నా లెక్కలో మిగతావన్నీ వీటి తర్వాతే.

ఒకటి సలేశ్వరం. నల్లమల అడవి లోయలో శివుడి క్షేత్రం, ఇక్కడివాళ్లు లింగమయ్య అంటారు, చైత్ర పౌర్ణమికి జాతర, ఏడాదిలో ఆ కొద్ది రోజులే అటవీ శాఖ లోపలికి వదులుతుంది. పౌర్ణమి ఎప్పుడో క్యాలెండర్లో చూసుకుని ఏ రోజులు వదులుతున్నారో కనుక్కోండి. శ్రీశైలం రోడ్డు మీద ఫర్హాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లి, బండ్లు ఆగినకాడి నుంచి రాళ్లలో నడవాలి, చివర్లో లోయలోకి దిగుడు. “వస్తున్నం లింగమయ్యా” అని జనం అరుస్తుంటే కాళ్ల నొప్పి తెలియదు గానీ తోపులాట మాత్రం నిజం. చంటిపిల్లల్ని, గుండెజబ్బు ఉన్నవాళ్లను తీసుకుపోకండి. చెప్పులు కాదు, బూట్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చేతికర్ర, స్టీలు బాటిల్, ప్లాస్టిక్ వద్దు, అది పులుల అడవి. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి. లోయ అడుగున అంత ఎండలోనూ జలపాతం పడుతూనే ఉంటుంది.

రెండోది సంగమేశ్వరం. కృష్ణకు అవతల, ఆంధ్ర వైపు ఉంటుంది. శ్రీశైలం జలాశయంలో మునిగి, ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడే బయటపడే గుడి, లోపల వేపమాను లింగం. కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి పడవలో పోవచ్చు, కానీ ఏటా నీటిమట్టం ఒకేలా ఉండదు, గుడి తేలిందో లేదో, పడవలు తిరుగుతున్నాయో లేదో అక్కడివాళ్లను అడిగాకే బయల్దేరండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే పడవ ఎక్కకండి, మొహమాటం అక్కర్లేదు.

ఇదే శ్రీశైలం డ్యాం కింద మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. అలంపూర్‌లో చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి, మ్యూజియం, అన్నీ నడిచే దూరంలోనే. చెప్పులు విప్పి నడవాలి, రాళ్లు కాలుతుంటాయి, అందరికీ సాక్సులు పెట్టుకోండి. తిరుగు దారిలో గద్వాల ఆగి మగ్గం చూడండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండూ ఎట్లా కలుపుతారో నేతన్నను అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. దారిలో ముంజలు కనిపిస్తే లేతవే అడగండి, ముదిరినవి కడుపునొప్పి.

సాయంత్రాలకు టౌన్లలో ఎగ్జిబిషన్లు ఎట్లాగూ పడతాయి. ఎంట్రీ టికెట్ తక్కువే, లోపల ఒక్కో రైడ్‌కు విడిగా తీసుకుంటారు, నలుగురు పోతే బిల్లు పేలుతుంది కాబట్టి పిల్లలకు గేటు దగ్గరే చెప్పండి, తలా రెండు రైడ్లు. జెయింట్ వీల్ ఎక్కేముందు సీటు కడ్డీకి లాక్ సరిగ్గా పడిందో మీ చేత్తో లాగి చూసుకోండి. మిర్చి బజ్జీలు దిగాక తినిపించండి, ఎక్కేముందు కాదు.