దీవి రిసార్టులో రాత్రి భోజనానికి ఎలా సిద్ధం కావాలి?

మాల్దీవుల్లో దాదాపు ప్రతి రిసార్టుకూ తనదైన ఒక దీవి ఉంటుంది. ఆ దీవి మీద మరో ఊరు గానీ, మరో హోటలు గానీ ఉండదు. చెన్నైలోనైతే సాయంత్రం వేడుకకు సరైన చొక్కా లేదని మధ్యాహ్నం గుర్తొచ్చినా పాండీ బజారుకు వెళ్లి గంటలో కొనుక్కుని రావచ్చు. దీవి మీద ఉండే దుకాణం రిసార్టువాళ్లదే, ధరలు డాలర్లలో ఉంటాయి, మన కొలతకు సరిపోయేది దొరకడమూ అనుమానమే. అందువల్ల ఎక్కడ తినాలి, ఏం తినాలి, ఏం వేసుకుని వెళ్లాలి అన్న మూడు విషయాలనూ పెట్టె సర్దక ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

మొదట భోజనం ప్లాన్ చూసుకోండి

గది బుక్ చేసేటప్పుడు హాఫ్ బోర్డ్, ఫుల్ బోర్డ్, ఆల్ ఇన్‌క్లూజివ్ అనే మాటలు కనిపిస్తాయి. హాఫ్ బోర్డ్ అంటే సాధారణంగా ఉదయం ఫలహారం, రాత్రి భోజనం. ఫుల్ బోర్డ్‌లో మధ్యాహ్నం కూడా చేరుతుంది. ఆల్ ఇన్‌క్లూజివ్‌లో పానీయాలు కూడా కలుస్తాయి. అయితే ఈ ప్లాన్లు చాలాచోట్ల బఫే ఉండే ప్రధాన రెస్టారెంటుకే వర్తిస్తాయి. నీటి మీద కట్టిన జపనీస్ రెస్టారెంటు, ఒడ్డున ఉండే సీఫుడ్ రెస్టారెంటు వంటివాటిలో పూర్తి డబ్బు చెల్లించాలా, లేక మనిషికి ఇన్ని డాలర్లని తగ్గిస్తారా అన్నది బుకింగ్‌కు ముందే అడగాలి. ఆ జవాబు వచ్చాక మీరు నిజంగా తినబోయే రెండు మూడు రెస్టారెంట్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఇకపై అడగవలసినవన్నీ వాటి గురించే.

డ్రెస్ కోడ్‌ను ఈమెయిల్‌లో అడగండి

రిసార్టు వెబ్‌సైట్లో ఒక్క మాటలో రాసి వదిలేసే డ్రెస్ కోడ్ మనకు పెద్దగా ఉపయోగపడదు. "బీచ్ క్యాజువల్" అని ఉంటే నిక్కరు, టీషర్టు, చెప్పులు సరిపోతాయి. ఈత దుస్తులతో, తడి ఒంటితో మాత్రం రావద్దని దాని అర్థం. "స్మార్ట్ క్యాజువల్" అని గానీ, "రిసార్ట్ ఎలిగెంట్" అని గానీ ఉంటే మగవారికి ఫుల్ ప్యాంటు, కాలరున్న చొక్కా లేదా పోలో టీషర్టు, శుభ్రమైన బూట్లు లేదా తోలు శాండిల్స్ ఉండాలి. చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు పనికిరావు. కోటు, టై అడిగే చోట్లు ఆ వేడిలో చాలా అరుదు కాబట్టి వాటిని ఇంట్లోనే ఉంచవచ్చు. ఆడవారికి చీర, సల్వార్ కమీజ్, మోకాళ్లు దాటిన గౌను ఏదైనా సరిపోతుంది. నిజానికి ఈ నియమాలలో చిక్కు వచ్చేది ఎక్కువగా మగవారికే.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి కూడా అక్కడే ఉంది. 1995లో బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలో మొదలైన సోనేవా ఫుషి రిసార్టులో అతిథి దిగగానే చెప్పులు తీసుకుని సంచీలో దాచేస్తారు, అక్కడ ఉన్నన్ని రోజులూ అందరూ వట్టి కాళ్లతోనే తిరుగుతారు. అంటే ఖరీదైన చోటల్లా ఆడంబరమైన దుస్తులు కావాలన్న అంచనా తప్పు. ఏ దీవి పద్ధతి దానిదే, కాబట్టి అడగడమే మార్గం.

పంచె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2014 జూలైలో చేపాక్‌లోని ఒక క్లబ్బులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని వేష్టి కట్టుకున్నారన్న కారణంతో లోపలికి రానివ్వకపోవడం, ఆ తర్వాత అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం సంప్రదాయ దుస్తులను అడ్డుకోకూడదని చట్టం తేవడం చెన్నైవాసులకు గుర్తుండే ఉంటుంది. ఆ చట్టం సముద్రం దాటి మనతో రాదు. కానీ మర్యాదగా ముందే అడిగితే కాదనేవారు అరుదని నా అనుభవం. మా నాన్నగారి షష్టిపూర్తి తర్వాత కుటుంబమంతా ఒక దీవికి వెళ్లినప్పుడు, ఆయన రాత్రిపూట పంచె, లాల్చీ వేసుకుంటారని ఒక ఫొటో జతచేసి రెండు వారాల ముందే రాశాను. "మా దేశంలోనూ పెద్దలు నడుముకు వస్త్రం చుట్టుకుంటారు, సంతోషంగా రమ్మనండి" అని జవాబు వచ్చింది. ఆ రాత్రి గుమ్మం దగ్గర ఆగిపోయింది నాన్నగారు కాదు, మోకాలి దాకా ఉన్న ఖరీదైన నిక్కరుతో వచ్చిన మా తమ్ముడు. రిసెప్షన్ బల్ల కింది సొరుగు లాగితే అందులో మడతపెట్టిన నల్ల ప్యాంట్లు నాలుగు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది కూడా వాడికి నడుము దగ్గర నాలుగు వేళ్లు వదులు. పక్కనున్న గదిలో మార్చుకుని, బెల్టు లేక ఒక చేత్తో పట్టుకుని వచ్చి కూర్చునేసరికి నాన్నగారి సూపు చల్లారిపోయింది. కొడుకు రాకుండా ఆయన చెంచా ముట్టుకోలేదు. వాడి తప్పు ఎంతో, ఇంటిల్లిపాదికీ నియమం చదివి వినిపించని నా తప్పూ అంతే. అందుకే వచ్చిన జవాబును కుటుంబం వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపమని చెబుతున్నాను.

పెట్టెలో ఏం పెట్టాలి?

సీప్లేన్‌లో వెళ్లే దీవులకు సాధారణంగా మనిషికి 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచీ మాత్రమే అనుమతిస్తారు, ఆపైన ప్రతి కిలోకూ డబ్బు కట్టాలి. అక్కడి వాతావరణం ఏడాది పొడుగునా మన చెన్నైలా ఉక్కగానే ఉంటుంది. అందుచేత కంచిపట్టు కంటే మంగళగిరి నూలు చీర లేదా లినెన్ చీర అన్ని విధాలా మేలు. పట్టు అంచుకు ఉప్పునీరు తగిలితే మరక తేలికగా పోదు. మగవారికి పలుచని నూలు ప్యాంటు ఒకటి, ముదురు రంగుది మరొకటి, కాలరున్న చొక్కాలు మూడు ఉంటే నాలుగు రాత్రులు గడిచిపోతాయి. పాదరక్షల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి: నీటి మీది రెస్టారెంట్లకు వెళ్లే చెక్క వంతెనల సందుల్లో సన్నని హీల్స్ ఇరుక్కుంటాయి, ఇసుక నేల ఉన్న చోట దిగబడతాయి. చదునైన చెప్పులే వేసుకోండి.

టేబుల్ బుక్ చేయడం, గడియారం సరిచేయడం

పేరున్న రెస్టారెంట్లలో కుర్చీలు తక్కువ. కాన్రాడ్ రంగాలి దీవిలో 2005లో తెరిచిన ఇతా అనే రెస్టారెంటు సముద్ర మట్టానికి సుమారు 5 మీటర్ల లోతున ఉంటుంది, అందులో కూర్చోగలిగేది 14 మంది మాత్రమే. ఇలాంటి చోటికి దీవి చేరాక కాదు, టికెట్లు తీసుకున్న వారంలోనే రాయాలి. చిన్నపిల్లలను రాత్రివేళ అనుమతించని రెస్టారెంట్లు ఉంటాయి కాబట్టి వారి వయసు కూడా రాయండి.

సమయం దగ్గర చాలామంది పొరపడతారు. మాల్దీవుల రాజధాని మాలే గడియారం మనకంటే అరగంట వెనుక నడుస్తుంది. కొన్ని రిసార్టులు పగటి వెలుగు ఎక్కువసేపు దక్కాలని తమ దీవి గడియారాన్ని మాలే కంటే గంట ముందుకు జరుపుకుంటాయి, అప్పుడు అది మనకంటే అరగంట ముందుంటుంది. ఫోను మాత్రం మాలే సమయాన్నే చూపిస్తుంది. దాన్ని నమ్ముకుని ఏడున్నరకు వెళ్తే దీవి లెక్కలో అప్పటికి ఎనిమిదిన్నర అయి ఉంటుంది. దిగిన వెంటనే గదిలోని గడియారంతో ఫోనును పోల్చుకోండి.

శాకాహారులు ఎలా చెప్పాలి?

మాల్దీవుల వంటకు ట్యూనా చేపే ప్రాణం. ఉదయం రొట్టెతో పెట్టే మస్ హునిలో కొబ్బరి కోరు, ఉల్లిపాయలతో పాటు చేప ఉంటుంది, గరుదియా అనేది చేపల చారు, రిహాకురు చేపలను మరిగించి చేసే ముద్ద. థాయ్ కూరల్లో ఫిష్ సాస్ కలుస్తుంది. కాబట్టి "వెజిటేరియన్" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, చేప, గుడ్డు, మాంసపు నీళ్లు, ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ ఏవీ వద్దని విడివిడిగా రాయండి. బుకింగ్ ఈమెయిల్‌లో ఒకసారి, టేబుల్ దగ్గర మరోసారి చెప్పడం పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు తప్పనిసరి. ఒక రోజు ముందు అడిగితే పప్పు, అన్నం, పెరుగు వండి పెట్టే వంటవాళ్లు చాలా దీవుల్లో ఉన్నారు.

ఊళ్లున్న దీవుల్లో బస చేస్తే

మాఫుషి వంటి జనావాస దీవుల్లో గెస్ట్‌హౌసులు చౌక, పద్ధతి మాత్రం వేరు. అక్కడ మద్యం ఉండదు. ఈత దుస్తులు ప్రత్యేకంగా కేటాయించిన బికినీ బీచ్‌లోనే వేసుకోవాలి. వీధిలోకి, హోటల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవడం ఆ ఊరివాళ్లకు మనమిచ్చే గౌరవం. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ, రంజాన్ నెలలో పగటిపూట తినే చోట్లు మూసి ఉండవచ్చు. ఎక్కడ బస చేసినా డ్యూటీ ఫ్రీలో కొన్న మద్యాన్ని దేశంలోకి తీసుకువెళ్లనివ్వరు. మాలే విమానాశ్రయంలోనే తీసుకుంటారు.

బిల్లు చదవడం

మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే 10 శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ అదనమని అర్థం. ఈ పన్ను 2025 జూలై 1కి ముందు 16 శాతం ఉండేది. 100 డాలర్ల భోజనం సర్వీసు చార్జీతో 110 అవుతుంది, పన్నుతో 128 డాలర్ల 70 సెంట్లు అవుతుంది. నలుగురి భోజనానికి ఈ తేడాయే పెద్ద మొత్తం. ప్రతి రాత్రీ సంతకం చేసిన బిల్లును ఫోనులో ఫొటో తీసుకుని, ప్రయాణానికి ముందురోజు సాయంత్రమే రిసెప్షన్‌లో మొత్తం లెక్క అడిగి పోల్చుకోండి. తెల్లవారి పడవ ఎక్కే తొందరలో ఆ పని సాధ్యపడదు.