కాళ్ల మీద సాలెగూడులా అల్లుకున్న నరాలకి ట్రీట్‌మెంట్: ముందు ఏం చూపించుకోవాలి, తర్వాత ఏం చేయించుకోవాలి

తొడల మీదో, మోకాలి వెనకో, చీలమండ దగ్గరో ఎర్రగా, నీలంగా సన్నటి గీతలు కనిపిస్తున్నాయంటే అవి చాలావరకు స్పైడర్ వెయిన్సే. మందం 1 మిల్లీమీటర్ లోపే ఉంటుంది, ఉబ్బి పైకి తేలవు. మామూలుగా ప్రమాదమేం లేదు, ఇబ్బంది లేకపోతే వదిలేసినా పర్లేదు. కానీ చూడ్డానికి బాలేదనో, మంటగా, బరువుగా ఉందనో తీయించుకోవాలనుకుంటే మాత్రం ఒక పద్ధతిలో వెళ్లండి.

క్లినిక్‌లో అడుగు పెట్టగానే ఇంజెక్షన్ వేసేస్తాం అంటే కాస్త ఆగండి. పైన కనిపించే గీతలకి కింద ఉన్న పెద్ద సిర నుంచి రక్తం వెనక్కి తన్నుతుంటే, పైపైన ఎన్నిసార్లు క్లీన్ చేయించినా మళ్లీ వస్తాయి. అందుకే ఉబ్బిన నరాలు, సాయంత్రానికి వాపు, చీలమండ లోపలివైపు గుత్తులుగా గీతలు, చర్మం నల్లబడటం వీటిలో ఏదున్నా డాప్లర్ స్కాన్ అడగండి. మిమ్మల్ని నిలబెట్టి, పిక్కని పిసికి వదిలి, పైకెళ్లిన రక్తం కిందకి జారుతుందా అని స్క్రీన్ మీద చూస్తారు, నొప్పేం ఉండదు. లోపం కనబడితే ముందు దాని సంగతి తేల్చాలి.

లోపల అంతా బాగుంటే కాళ్లకి మొదటి ఆప్షన్ స్క్లెరోథెరపీ, నన్నడిగితే చాలామందికి ఇదే సరైనది. 30 గేజ్ లాంటి చాలా సన్నటి సూదితో పాలిడోకెనాల్ లాంటి మందు నేరుగా ఆ గీతలోకి పంపిస్తారు, మందు వెళ్తుంటే ఆ గీత కళ్ల ముందే తెల్లబడిపోతుంది, కొంచెం చురుక్కుమంటుంది అంతే. మందు వల్ల నాళం లోపలి గోడ దెబ్బతిని మూసుకుపోతుంది, తర్వాత శరీరమే మెల్లగా దాన్ని కరిగించేసుకుంటుంది. ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుందని ఆశపడొద్దు, చాలామందికి రెండు మూడు పడతాయి, మధ్యలో కొన్ని వారాల గ్యాప్ ఉంటుంది.

చేయించుకున్నాక వెంటనే పడుకోకుండా కాసేపు నడవాలి, డాక్టర్ చెప్పినన్ని రోజులు కంప్రెషన్ స్టాకింగ్స్ (కాలిని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) వేసుకోవాలి, బాగా వేడినీళ్ల స్నానం, బరువైన ఎక్సర్‌సైజులు, ఎండ కొన్నాళ్లు తగ్గించాలి. మొదటి వారాల్లో కమిలి ముందుకంటే ఘోరంగా కనిపిస్తుంది, కంగారు పడకండి, సన్నటివి 3 నుంచి 6 వారాల్లో మాసిపోతాయి, కాస్త లావువి 3, 4 నెలలు తీసుకుంటాయి. కొందరికి గోధుమరంగు మచ్చలు పడతాయి, తగ్గడానికి నెలలు పట్టొచ్చు, ఆ చుట్టూ మరీ సన్నటి ఎర్ర గీతలు కొత్తగా రావడం కూడా ఉంటుంది, ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోండి.

లేజర్ అంటే సూది భయం ఉన్నవాళ్లకి, సూది దూరనంత సన్నటి గీతలకి, మందు అలర్జీ ఉన్నవాళ్లకి. మన చర్మం రంగు ముదురుగా ఉంటే కాలే, మచ్చపడే రిస్క్ ఉంది కాబట్టి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరేనా, ఇలాంటి చర్మం మీద చేసిన అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

క్రీములకి డబ్బులు తగలేయకండి, పైన రాసేవి ఆ నాళాన్ని మూయలేవు. స్టాకింగ్స్ కాళ్లు బరువుగా అనిపించడాన్ని తగ్గిస్తాయి, గీతల్ని పోగొట్టవు.

ప్రెగ్నెంట్ అయితే ఇప్పుడు వద్దు, డెలివరీ తర్వాత కొన్ని నెలల్లో చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పాలిస్తున్నా, ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టినా, రక్తం పల్చబడే మందులో హార్మోన్ మాత్రలో వాడుతున్నా దాచకుండా చెప్పండి.

ట్రీట్‌మెంట్ తర్వాత ఒక్క కాలే వాచినా, పిక్క గట్టిపడి నొప్పెట్టినా, సూది వేసినచోట పుండు పడినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి, ఊపిరాడకపోయినా ఛాతీ నొప్పొచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే. అంతా బాగా జరిగినా, మూసుకుపోయినవి సాధారణంగా తిరిగి తెరుచుకోవు గానీ వంశంలో ఉన్నవాళ్లకి, గంటలు గంటలు నిలబడి పనిచేసేవాళ్లకి కొత్తవి వస్తూనే ఉంటాయి, కొన్నేళ్లకోసారి టచప్ పడుతుందని లెక్కేసుకునే మొదలుపెట్టండి.