కూలెంట్ మాయమవుతోందా? హెడ్ ఇప్పించే ముందు ఇవి చూడండి

కోనసీమలో పాత మారుతీ 800లు, ఇండికాలు ఇంకా తిరుగుతానే ఉన్నాయి. కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, తగ్గిపోతా ఉంటది, కింద ఒక్క చుక్క కనపడదు, మెకానిక్‌కి చూపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందండి అంటాడు. అంటే ఇంజన్ పైభాగం హెడ్‌కీ, కింద బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు. పోయుండొచ్చు, కానీ హెడ్ ఇప్పడం చిన్న ఖర్చు కాదు కదా, ముందు ఖాయం చేసుకోండి.

ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు కనపడగానే కంగారు పడిపోకండి. మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ, బండేమో రావులపాలెం సెంటర్ దాకా వెళ్ళొచ్చి షెడ్డులో పెట్టేస్తాం, ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆ చెమ్మే మూతకి పట్టేస్తది. చూడాల్సింది డిప్ స్టిక్, ఆయిల్ లెవెల్ చూసే పుల్ల. దాని మీద ఆయిల్ పాల టీ రంగులో ఉండి లెవెల్ కూడా పెరిగిందంటే నీళ్ళు దిగినట్టే. డౌటుంటే బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకుండా సంప్ నట్టు (ఇంజన్ అడుగున ఆయిల్ దింపే నట్టు) కొంచెం లూజ్ చేయండి, నీళ్ళు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి.

ఆయిల్ బాగానే ఉందంటే సిలిండర్లోకి పోతుందేమో చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలిపోద్ది. తీసి స్టార్ట్ చేస్తే మొదట కాసేపు లోపలి గాలి బుడగలు వస్తాయి, అవి ఆగకుండా వస్తానే ఉంటే గాస్కెట్ మీద గట్టి అనుమానమే. పెట్రోల్ బండైతే ప్లగ్గులన్నీ తీసి పక్కపక్కన పెట్టండి, ఒక్కటే కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండరే. తెల్ల పొగ ఒక్కటే చూసి తేల్చకండి, చలికాలం పొద్దున్న మంచి బండికీ వస్తది, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతేనే లెక్క.

అన్నిటికన్నా నేను నమ్మేది ప్రెజర్ టెస్ట్. రేడియేటర్‌కి చేతి పంపు పెట్టి మూత మీద రాసున్న ప్రెజర్ దాకా కొట్టి వదిలేస్తే, బయట ఎక్కడా తడి లేకుండా పంపు మీటరు ముల్లు దిగిపోతుంటే లోపలే లీకు. కారులో కాళ్ళ దగ్గర మ్యాట్ కూడా తడిమి చూడండి, హీటర్ ఉన్న బండ్లలో అక్కడ కూడా కారుద్ది.

ఖాయమైతే ఇంక బండి నడపొద్దు, నీళ్ళు కలిసిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. హెడ్‌ని లేత్ షాపులో వంకర, పగులు చూపించాకే కొత్త గాస్కెట్ వేయించండి. తర్వాత సముద్రం దగ్గరి ఉప్పు బోరు నీళ్ళు మాత్రం పోయకండి, అల్యూమినియం హెడ్‌ని తినేస్తాయి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయండి.