నెర్హాలో ఎండవేళ గుహలకు వెళ్లండి

వేసవిలో స్పెయిన్ దక్షిణ తీరంలోని నెర్హాకు వెళ్తే, సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన ‘బాల్కోన్ దె యూరోపా’ అనే వ్యూపాయింట్‌ను జనం చేరకముందే, పొద్దున్నే చూసేయండి. ఎండ ముదిరాక ఇసుకలో మాడిపోవద్దు. ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో, మారో అనే పల్లె దగ్గరున్న గుహలకు వెళ్లండి. 1959లో గబ్బిలాలను వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాళ్లకు కనబడిన గుహలివి. లోపల హాయిగా, చల్లగా ఉంటుంది. 32 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి స్తంభం ముందు తప్పకుండా కాసేపు ఆగండి. బొట్టు బొట్టుగా రాలిన నీరు అంత పని చేసిందంటే ఒళ్లు పులకరిస్తుంది! మెట్లు చాలా ఎక్కువ, అందుకని జారని బూట్లు వేసుకోండి. టికెట్ ముందే కొనుక్కోండి. తర్వాత బురియానా తీరానికి వెళ్లి, వెడల్పాటి పెనంలో వండే పాయెయా అన్నం తినండి. శాకాహారులైతే అందులో ఏమేం వేశారో అడిగాకే తీసుకోండి.