కళ్లు ఉబ్బితే చల్లగానా, వేడిగానా?

కళ్లు ఉబ్బాయనగానే చాలామంది ఐసు వెతుక్కుంటారు. కంటికురుపుకి ఐసుతో పెద్ద ఉపయోగం ఉండదు. ఎలర్జీకి వేడి కాపడం పెడితే దురద ఇంకా రేగుతుంది. అందుకే ముందు అద్దంలో చూసుకోండి: ఉబ్బింది ఒక కన్నా, రెండూనా? దురదా, నొప్పా, రెండూ లేవా?

రెండు కళ్లూ పొద్దున ఉబ్బి మధ్యాహ్నానికి దిగిపోతుంటే అది చాలావరకు నీరే. రెప్పల చర్మం బాగా పల్చన, దాని కింద కణజాలం వదులు. రాత్రంతా పడుకుని ఉంటే నీరు అక్కడ చేరుతుంది. ఉప్పు, మద్యం, ఏడుపు దాన్ని పెంచుతాయి. శుభ్రమైన బట్టను చల్లటి నీళ్లలో తడిపి, పిండి, మూసిన కళ్ల మీద 10 నిమిషాలు ఉంచండి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, చర్మం దెబ్బతింటుంది. తల కింద ఇంకో దిండు వేసుకోండి. ఉప్పు మొత్తం మీద రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను దాటనివ్వకండి.

దురద ఉంటే చాలావరకు ఎలర్జీ. దీనికీ చల్లటి బట్టే. కారణం కంట్లోనే ఉండాలనేం లేదు: గోళ్ల రంగు, హెయిర్ డై కూడా రెప్పల్ని ఉబ్బిస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవన్నీ ఆపి చూడండి. నలిపితే వాపు ఇంకా పెరుగుతుంది. ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేసుకోకండి, కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు.

ఒకే రెప్ప అంచున ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే కంటికురుపు. దీనికి వేడి కావాలి. మణికట్టు మీద పోసుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో బట్ట ముంచి, పిండి, మూసిన కంటి మీద పెట్టండి. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది: బట్ట ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారుతుంది, దాన్నలాగే ఉంచేస్తారు. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచుతూ 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. ప్రతిసారీ ఉతికిన బట్ట వాడండి. చీము కనబడినా పిండకూడదు. తగ్గేదాకా కాంటాక్ట్ లెన్సులు, కాటుక వద్దు. మామూలుగా వారం, రెండు వారాల్లో పోతుంది.

వయసుతో కొవ్వు ముందుకు జారి ఏర్పడే సంచులు వేరు. ఏ క్రీమూ వాటిని పోగొట్టదు, వద్దనుకుంటే ఆపరేషనే.

జ్వరం, కన్ను తిప్పితే నొప్పి, రెండుగా కనబడటం, చూపు మందగించడం, గుడ్డు ముందుకు పొడుచుకురావడం – వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పెదవులో నాలుకో కూడా వాచి ఊపిరి అందకపోతే నిమిషం ఆగకూడదు. ఉబ్బుతోపాటు నీరసం, బరువు పెరగడం, చలి ఓర్వలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష. రోజూ పొద్దున్నే రెండు కళ్లూ ఉబ్బుతూ, కాళ్లు వాచి, మూత్రం నురగగా వస్తుంటే కిడ్నీలను అనుమానించాలి. పిల్లల్లో దీన్ని ఎలర్జీ అనుకుని రోజులు గడిపేయడం మామూలే. మూత్రంలో ప్రొటీన్ ఉందేమో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.